జవాబు చెప్పాకే వడ్డన

ఒజెల్లా క్రూమ్ స్కూలు బస్సు నడిపేది. పిల్లలు అల్లరి చేస్తే అరిచేది కాదు. బస్సును రోడ్డు పక్కకి తీసి, ఇంజను ఆపేసి, తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పత్తిచేల వైపు చూస్తూ ఉండేది. వెనక సీట్లు వాటంతటవే సద్దుమణిగేవి. అప్పుడు తాళం తిప్పేది.

నేను బడి వంటగదిలో పనిచేశాను. పిల్లలు ఆలస్యంగా వచ్చిన రోజున ఎవరూ కారణం అడిగేవారు కాదు. "ఇవాళ ఇంజను ఆపిందా?" అనేవారు, అంతే. మా ఊరు టిల్మన్ ఫెర్రీలో యాభై దాటని ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆ ఆగిన బస్సులో చేతులు కట్టుకుని కూర్చున్నవాడే.

ఆమె కోపం అలాంటిది. శబ్దం ఉండదు. కదలదు.

కూతురు పోయాక మనవడు డెమెరిక్‌ని ఆమే పెంచింది. వాడు చిన్నప్పటినుంచీ మనిషి కాదు, బీరువా. బడిలో చదివేటప్పుడే గుమ్మాల దగ్గర తల వంచేవాడు. మా అమెరికా ఫుట్‌బాల్లో వాణ్ణి లైన్ అనే కాపలా వరసలో ఎడమ చివర నిలబెట్టారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి వీపు వైపు కళ్ళుండవు. ఆ వీపు కాయడం వాడి పని. బాగా కాస్తే వాడి పేరు ఎవరికీ తెలియదు. ఒక్కసారి తప్పితే స్టేడియమంతా తెలుస్తుంది.

వాడు బడి ముగించే ఏడాది కాలేజీల కోచ్‌లు వరసకట్టారు. మావైపు కుర్రాళ్ళని మైదానంలో గెలవరు. అమ్మమ్మల పొయ్యి దగ్గర గెలుస్తారు. కోచ్ వస్తాడు, టోపీ తీస్తాడు, బల్ల దగ్గర కూర్చుంటాడు, పెట్టింది తింటాడు. రెండోసారి పెట్టించుకున్నవాడికి మంచి మార్కు. మా అందరికీ ఒక మాట కంఠతా వచ్చు: "సంతకం కాలేజీకి పెట్టు, కోచ్‌కి పెట్టకు." పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాం, చావుల్లో చెప్పుకుంటాం. ఒక్కరం కూడా పాటించం. కాలేజీ వచ్చి మన కుర్చీలో కూర్చోదు కదా. కోచ్ కూర్చుంటాడు.

ఆ కుర్చీలో కూర్చున్నవాడు లైల్ హాస్కర్. టల్లహాలా స్టేట్‌లో లైన్ కుర్రాళ్ళకి కోచ్. ఎర్రటి మెడ, నెమ్మదైన గొంతు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పీచ్ పళ్ళతో కాల్చే తీపి, పీచ్ కాబ్లర్, నేనే తీసుకెళ్ళాను. హాస్కర్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఒజెల్లా చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. మీరు ఉంటారా?"

"మిస్ ఒజెల్లా, హెడ్ కోచ్‌లు వస్తారు, పోతారు. ముగ్గురి కింద పనిచేశాను. నేను ఎక్కడికీ పోలేదు."

"పోయినవాళ్ళ సంగతి అడగలేదండీ. మీ సంగతి అడిగాను."

హాస్కర్ చెంచా కింద పెట్టాడు. "డెమెరిక్ పట్టా పుచ్చుకునే రోజున మొదటి వరసలో నేనుంటాను. మీ పక్కన. ఈ బల్ల మీద చెయ్యేసి చెప్తున్నాను."

నిజంగానే చెయ్యి వేశాడు. ఆ చేతి కింద నూనెగుడ్డ మీద కాబ్లర్ రసం మరక ఉంది. ఒజెల్లా ఆ చెయ్యి చూసింది. డెమెరిక్ వైపు చూసి తల ఊపింది. సంతకం అయిపోయింది.

మొదటి ఏడు వాణ్ణి కూర్చోబెట్టారు. రెండో ఏడు ఆడించారు. మూడో ఏడు, అక్టోబరులో, వాడి చీలమండ విరిగింది. నవంబరులో జట్టు పక్క ఊరి కాలేజీ చేతిలో చిత్తుగా ఓడింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా హెడ్ కోచ్‌ని పంపేశారు. పంపినందుకు ఆ కోచ్‌కి డబ్బు కూడా ఇచ్చారు. పని చేసినందుకు కాదు, ఇక చెయ్యకుండా ఉన్నందుకు. ఆ డబ్బు సంగతి రేడియోలో విన్నాక ఒజెల్లా బస్సు తుడుస్తూ నాతో అంది, "నేను కూడా రేపు బస్సు కాలవలోకి తోలనా వాన్సీల్? మానుకోమని ఏమైనా ఇస్తారేమో."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఊళ్ళో మగవాళ్ళకి పండగ. టైర్ల కొట్టు దగ్గర రోజంతా అదే మాట. కొత్త కోచ్ ఎవరు? జట్టు దాడి ఎవరు నడుపుతారు? క్వార్టర్‌బ్యాక్ ఉంటాడా, పోతాడా? కొత్త కోచ్ ఏ విమానంలో దిగుతాడోనని ఫోన్లలో విమానాల జాడ చూసుకుంటూ కూర్చునేవారు. ఒకసారి ఎవరో ధనవంతుడి సొంత విమానం టెక్సాస్ నుంచి ఇటు బయల్దేరిందని తెలిసి బళ్ళేసుకుని విమానాశ్రయానికి పోయారు. అట్టముక్కల మీద స్వాగతం రాసుకుని మరీ పోయారు. దిగినవాడు పళ్ళ డాక్టరు. బాతుల వేటకి వచ్చాడు. వాడితోనూ ఫోటోలు దిగి వచ్చారు.

డెమెరిక్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఒజెల్లా బండికి టైరు మార్పించడానికి వెళ్ళినప్పుడు ఒకడు అడిగాడు, "మనవడి కాలెలా ఉందమ్మా?" అని. ఆమె చెప్పేలోపే ఇంకొకడు అందుకున్నాడు, "అది సరే, క్వార్టర్‌బ్యాక్ ఉంటాడంటాడా మీవాడు?"

"వాడి వీపు ఎవరు కాస్తారో ముందు చెప్పండి, తర్వాత వాడి సంగతి చూద్దాం" అని ఆమె పాత టైరు తనే దొర్లించుకుంటూ వచ్చేసింది.

డిసెంబరులో హాస్కర్ పోయాడు. వేరే రాష్ట్రంలో ఇంతకంటే పెద్ద కాలేజీ. అతన్ని ఎవరూ పంపలేదు. తనే పోయాడు. కుర్రాళ్ళకి ఫోన్లో ఒక సందేశం పంపాడు, లైన్ కుర్రాళ్ళందరికీ కలిపి ఒకటే. "మీరు నాకు కన్నబిడ్డలకంటే ఎక్కువ" అని ఉంది. చివర ఒక ఎర్ర గుండె బొమ్మ. డెమెరిక్ అది అమ్మమ్మకి చూపించాడు. ఆమె కళ్ళజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివింది.

"కన్నబిడ్డలకి ఇలా చెప్తారా ఎవరైనా?"

వాడు కట్టు కట్టిన కాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ బల్ల మీద కాళ్ళు పెట్టనివ్వని మనిషి, ఆ రోజు పెట్టనిచ్చింది.

క్రిస్మస్ దాటాక హాస్కరే ఫోన్ చేశాడు. నేను పక్కనే చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఆమె ఫోన్ గొంతు పెద్దది చేసి బల్ల మీద పెట్టింది, నన్ను వినమన్నట్టు.

"మిస్ ఒజెల్లా, మీకు కోపంగా ఉంటుందని తెలుసు."

"తెలిస్తే మంచిదే. చెప్పండి."

"డెమెరిక్ పేరు పోర్టల్లో వేసుకోమనండి. ఇక్కడ మావాళ్ళతో మాట్లాడి చూస్తాను."

పోర్టల్ అంటే వేరే కాలేజీకి పోదలిచినవాళ్ళు పేరు వేసుకునే చోటు. పేరు పడ్డవాణ్ణి ఎవరైనా పిలవచ్చు. కానీ పేరు పడగానే ఉన్న కాలేజీ చేతులు కడుక్కోవచ్చు. చదువుకిచ్చే సాయం ఆగుతుంది. ఎవరూ పిలవకపోతే కుర్రాడు రెంటికీ చెడతాడు. విరిగిన కాలు ఇంకా కట్టులోనే ఉన్నవాణ్ణి ఎవరు పిలుస్తారు?

"చూస్తానంటే? తీసుకుంటారా?"

"అది నా ఒక్కడి చేతిలో లేదండీ."

"ఆ రోజు నీ చెయ్యి నా బల్ల మీదే ఉంది కదయ్యా. ఖాళీగానే కనపడిందే."

అటు నుంచి ఏదో గొణిగాడు. సంసారం, పిల్లల చదువు, ఈ వృత్తి ఇంతేనని. ఒజెల్లా మొత్తం విని అంది, "ఏరు దాటావు, తెప్ప తగలబెట్టావు. ఇప్పుడు అవతలి గట్టు మీంచి ఈదుకు రమ్మంటున్నావు, కాలు విరిగినవాణ్ణి. ఇంక ఫోన్ చెయ్యకు."

పెట్టేసింది. చిక్కుళ్ళ గిన్నె తన వైపు లాక్కుంది. ఒలవడంలో ఎన్ని గింజలు చిదిమిందో నేను చూశాను.

కొత్త హెడ్ కోచ్ పేరు బ్రాంట్ లేకీ. జనవరిలో వచ్చాడు. తన మనుషులనే తెచ్చుకున్నాడు, వంటవాడితో సహా. డెమెరిక్ కాలు మార్చికి బాగుపడింది. పరిగెత్తాడు, బరువులెత్తాడు. కొత్త లైన్ కోచ్‌ని అడిగాడు, నాకు చోటుందా అని. "అన్నీ పరిశీలిస్తున్నాం" అన్నాడు. ఇంకో వారం అడిగాడు. "నీ దారులన్నీ చూసుకో" అన్నాడు. ఒక ఆదివారం వాడు ఇంటికొచ్చి అమ్మమ్మతో ఈ మాట చెప్పాడు.

"అంటే ఉండమనా, పొమ్మనా?"

"తెలీదమ్మమ్మా. పొమ్మంటే చెడ్డపేరు కదా వాళ్ళకి. నేనే పోతే వాళ్ళమీద ఏమీ ఉండదు."

"ఉంటే?"

"ఉన్నాక చోటు లేదంటే ఏడాదంతా బెంచీ మీదే. నాకు ఆడ్డానికి మిగిలింది ఒక్క ఏడే."

పోర్టల్ తలుపు ఏప్రిల్ నెలాఖరున మూసేస్తారు. అప్పటిలోగా తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి వాడికి కావలసింది ఒక్క మాట. ఉందనో, లేదనో. ఇంత పెద్ద కాలేజీ, అన్ని దీపాలు, అంత గడ్డి, కుర్రాళ్ళ నిద్ర కొలిచే యంత్రాలు కూడా ఉన్నాయట. ఒక్క మాట మాత్రం లేదు.

ఒజెల్లా కాలేజీకి ఫోన్ చేసింది. ఒక పిల్ల తీసింది. మీ మాట చేరవేస్తానంది. మర్నాడు చేసింది. వేరే పిల్ల తీసింది. ఈ పిల్లా అదే అంది.

నెలాఖరు వారంలోనే లేకీ మా ఊరు వచ్చాడు. ప్రతి వసంతంలో హెడ్ కోచ్ ఊరూరూ తిరుగుతాడు. చందాలిచ్చే అభిమానులతో భోంచేస్తాడు, ప్రశ్నలకి జవాబులు చెప్తాడు. మా ఊళ్ళో ఆ భోజనం అగ్నిమాపక శాల పక్క హాల్లో. వండి వడ్డించేది మా చర్చి ఆడవాళ్ళం. క్యాట్‌ఫిష్ వేపుడు, బటర్ బీన్స్, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె.

ప్రశ్నలు ఎవరూ నోటితో అడగరు. గుమ్మం దగ్గర కాగితం ముక్కలుంటాయి. రాసి టోపీలో వేస్తే రేడియోలో ఆటలు చెప్పే డబ్ పర్విస్ ఏరి చదువుతాడు. ఏరడమే అతని ఉద్యోగం. "కోచ్ గారూ, మా ఊరి చేప ఎలా ఉంది?" అన్నది ఎప్పుడూ మొదటి ప్రశ్న.

ఒజెల్లా ఆప్రాన్ కట్టుకుని, కాగితం రాయకుండా, నేరుగా డబ్ దగ్గరికి వెళ్ళింది.

"డబ్, ఒకటి అడగాలి ఆయన్ని. డెమెరిక్‌కి చోటుందా లేదా."

డబ్ మొహం ముడుచుకున్నాడు. "ఒక్కొక్క కుర్రాడి పేరు పెట్టి చదవమమ్మా. బావుండదు. భోజనం వేళ."

"క్వార్టర్‌బ్యాక్ పేరు చదవవా?"

"అది వేరు."

"ఏం వేరు?"

"అది అందరూ అడిగేది."

"నేనొక్కదాన్నే అడుగుతున్నానని చదవవన్నమాట."

"మిస్ ఒజెల్లా, మీ బస్సులో పెరిగినవాణ్ణి, నన్ను ఇబ్బంది పెట్టకండి."

ఆమె అతన్ని కాసేపు చూసి వచ్చేసింది. నా పక్కన, చేపల తట్ట వెనక నిలబడింది. నాది రొట్టెల తట్ట. పట్టకారు తీసి చేపముక్కలు మళ్ళీ మళ్ళీ సర్దింది.

"అక్కా, పోనీలే" అన్నాను.

"పోనియ్యను" అంది.

పాస్టర్ ప్రార్థన చేశాడు. మా ఊళ్ళో ముందు అతిథికి వడ్డించాలి. అతిథి పళ్ళెం నిండేదాకా రెండోవాడు చెయ్యి చాచకూడదు. లేకీ లేచి వచ్చాడు. నున్నటి గడ్డం, కాలేజీ రంగు కోటు. వెనక డబ్, డబ్ వెనక హాలంతా.

లేకీ పళ్ళెం చాచాడు. "అబ్బ, వాసనకే కడుపు నిండిపోతోందండీ."

ఒజెల్లా పట్టకారు తట్టలో పెట్టేసింది. చేతులు ఆప్రాన్ మీద పెట్టుకుంది.

"నా పేరు ఒజెల్లా క్రూమ్. డెమెరిక్ మా మనవడు. వాడికి మీ దగ్గర చోటుందా, లేదా?"

లేకీ నవ్వాడు. ఫోటోలకి నవ్వే నవ్వు. "డెమెరిక్! బంగారం లాంటి కుర్రాడండీ. మీ పెంపకం కనిపిస్తుంది."

"పెంపకం సంగతి నాకు తెలుసండీ. చోటు సంగతి చెప్పండి."

"మా దగ్గర అన్ని స్థానాలకీ పోటీ ఉంటుందండీ. ఎవరు కష్టపడితే..."

ఆమె ఏమీ అనలేదు. అతన్నీ చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. బయట పత్తిచేను లేదు, అగ్నిమాపక బండి ఉంది. దాన్నే చూసింది.

లేకీ పళ్ళెం అలాగే పట్టుకున్నాడు. వెనక వరసలో సణుగుడు మొదలైంది. "ఏమైంది?" "చేప అయిపోయిందా?" "చల్లారిపోతోందమ్మా ఒజెల్లా!" డబ్ ముందుకి వంగి, "మిస్ ఒజెల్లా, ఇది సమయం కాదు" అన్నాడు. ఆమె వినలేదు. పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. దానికీ కదల్లేదు.

సణుగుడు సన్నబడింది. ఒక్కొక్కరూ ఊరుకున్నారు. నాకు కనపడుతోంది, టైర్ల కొట్టు వాళ్ళు, బ్యాంకు వాళ్ళు, నెరిసిన గడ్డాల వాళ్ళు, పళ్ళేలు పొట్టకి ఆనించుకుని బుద్ధిగా నిలబడిపోయారు. టైర్ల కొట్టు యజమాని వెనకనుంచి అన్నాడు, "కోచ్ గారూ, ఉన్నమాట చెప్పెయ్యండి. ఆవిడ ఇంజను ఆపేసింది. మీరు చెప్పందే కదలదు. మేమంతా ఆ బస్సు దిగినవాళ్ళమే."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

లేకీ మొహంలో నవ్వు జారిపోయింది. తట్ట మీదికి వంగి, లోగొంతుకతో ఏదో అన్నాడు.

"వెనకవాళ్ళకి వినపడాలండీ" అంది ఒజెల్లా. "వాడి చోటు గురించి వాడికి తప్ప అందరికీ చెప్పినట్టున్నారు. వీళ్ళకీ చెప్పండి."

అతను నిటారుగా నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"లేదండీ. చోటు లేదు. ఆ స్థానానికి టెక్సాస్ నుంచి ఇంకొకర్ని తెచ్చుకున్నాం."

"ఎప్పుడు?"

"జనవరిలో."

హాలు మొత్తం విన్నది. జనవరి. వాడి కాలికి ఇంకా కట్టు విప్పలేదు అప్పటికి. మార్చిలో వాడు పరిగెత్తాడు. ప్రతి ఉదయం, ఖాళీ లేని చోటు కోసం.

"నలుగురిలో నిలబెట్టారండీ నన్ను" అన్నాడు లేకీ, మెల్లగా.

"మావాణ్ణి మీరు జనవరి నుంచి నిలబెట్టారు. మీరు నిలబడింది రొట్టె చల్లారేంత సేపు."

పట్టకారు తీసింది. అతని పళ్ళెంలో చేప వేసింది. ఒకటి కాదు, పెద్దవి ఏరి మరీ, అంచుదాకా. అతను చాలన్నా ఆగలేదు.

"నచ్చి పెట్టడం లేదు. నిజం చెప్పారని పెడుతున్నాను. అబద్ధం చెప్పినవాడికి మూడుసార్లు పెట్టాను. మీకు ఒక్కసారైనా పెట్టకపోతే లెక్క తప్పుతుంది. తినండి."

నేను రొట్టె వేశాను. ఆ రొట్టె అతని మొహాన విసరాలనిపించింది.

ఆ రోజు డబ్ ప్రశ్నలు చదివాడు. చేప ఎలా ఉందన్నది మాత్రం చదవలేదు. క్వార్టర్‌బ్యాక్ గురించి చదివినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒజెల్లా అవేమీ వినలేదు. వెనక మెట్ల మీద కూర్చుని డెమెరిక్‌కి ఫోన్ చేసింది.

"లేదటరా. పేరు వేసేసుకో, ఇవాళే."

వాడు ఏమన్నాడో నాకు వినపడలేదు. చాలాసేపు ఆమె "ఊఁ" అంటూనే ఉంది. ఫోన్ పెట్టాక ఆప్రాన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, మెట్టు మీద ఉంచింది. దాని మీద పిడికిలితో గుద్దింది. ఒకసారి గుద్ది ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. నేను లోపలికి వెళ్ళి గిన్నెలు కడిగాను.

హాస్కర్ ఫోన్ చెయ్యలేదు. పెద్ద కాలేజీలేవీ పిలవలేదు. మే నెలలో ఆర్కాన్సా నుంచి ఒక చిన్న కాలేజీ కోచ్ వచ్చాడు. కుర్రవాడు, పాత కారు, చొక్కా మీద దుమ్ము. ఆదివారం, భోజనం వేళకే వచ్చాడు, అందరు కోచ్‌ల లాగే. నేను అక్కడే ఉన్నాను. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. పీచ్ కాబ్లర్ కిటికీలో చల్లారుతోంది.

ఒజెల్లా కుర్చీ చూపించింది. మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టింది. పళ్ళెం పెట్టలేదు.

అతను వాసన పీల్చాడు. ఎదురుచూశాడు. పళ్ళెం రాలేదు.

"వాడికి చోటుంది మా దగ్గర, ఎడమ చివరే" అన్నాడు. "సాయం కూడా ఇస్తాం. కాగితం తెచ్చాను. చూడండి, నేను ఎప్పటికీ అక్కడే ఉంటానని..."

"అది చెప్పకండి" అంది ఒజెల్లా. "ఆ ఒక్కటీ చెప్పకండి."

అతను కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన కూర్చున్న డెమెరిక్ అది చదివాడు. మొత్తం చదివాడు, వెనకవైపు కూడా. సంతకం పెట్టాడు.

కోచ్ లేచాడు. గుమ్మం దగ్గర ఒకసారి పొయ్యి వైపు చూశాడు.

"వాడు పట్టా పుచ్చుకున్న రోజున రండి" అంది ఆమె. "అప్పటికి మీరు ఏ కాలేజీలో ఉన్నా సరే. ఆ రోజు పెడతాను."

అతను తల ఊపి, వెనక్కి వచ్చి, బల్ల మీది నీళ్ళు నిలబడే తాగాడు. చాలా దూరం నుంచి కారు తోలుకుంటూ వచ్చినట్టున్నాడు. ఇంకో గ్లాసు అడిగాడు.

ఇచ్చింది.